వేల్సు స్వపరిపాలనము : జవాబుదారి యెవరు?

అధికారము ప్రజలకు దగ్గరగా వచ్చినంతమాత్రమున బాధ్యతయు దానివెంటనే వచ్చునా? ఈ ప్రశ్నను మన తెలుగుజిల్లాలవారు మొదట ఎదుర్కొన్నది 1920వ సంవత్సరమున. మాంటేగు చెమ్సుఫర్డు సంస్కరణములచే చెన్నరాజధానిలో ద్వంద్వప్రభుత్వ మేర్పడి, వైద్యము, ప్రజారోగ్యము, స్థానిక స్వపరిపాలనము, పరిశ్రమల అభివృద్ధి మున్నగు శాఖలు మంత్రుల కప్పగింపబడినవి. బొక్కసపు తాళపుచెవి మాత్రము గవర్నరు కార్యాలోచన సభవారియొద్దనే నిలిచిపోయెను. ఆసుపత్రిలో మందులేల లేవని మంత్రి నడిగినచో, ధనము లేదనెడివాడు. ధనమేల లేదని యడిగినచో, ఆ శాఖ నాది కాదనెడివాడు. పరిశ్రమలకు సర్కారు సాయము చేయుటకై 1922లో ప్రత్యేక శాసనమే చెన్నపట్టణమున పుట్టినది గాని, ఆ సాయమువలన ఒరిగినదేమని నిలదీసి యడుగుదారి సామాన్యపు ఓటరునకు దొరకలేదు.

సరిగా ఆ రెండు శాఖలే, అనగా వ్యాపారులకు సర్కారుసాయమును, ఊరివారికి వైద్యమును, బ్రిటిషుదీవిలోని వేల్సుదేశమున స్వపరిపాలనమునకు గీటురాళ్లయి కూర్చున్నవి. వేల్సు చిన్నదేశము. 2021 జనాభాలెక్కలలో అచటి జనులు 31 లక్షలు. 2011 లెక్కలలోని మన అవిభక్త ప్రకాశం జిల్లాకంటె తక్కువ. ఇంత చిన్నదేశమున ఎవరు ఏమి చేసిరో దాచుట కష్టమని యెవరైనను తలంతురు. ఆ తలంపు ఎంతవరకు నిజమో చూతము.

స్వపరిపాలనము అచటివారికి ఒక్కదినమున లభించినది కాదు. 1979 మార్చి 1వ తేదీన వారినడిగినప్పుడు, ప్రతి అయిదుగురిలో నలుగురు వలదనిరి. ఆ తరువాత పదునెనిమిదేండ్ల అనుభవము వారి మనస్సును మార్చినది. ఆ అనుభవములో ముఖ్యమైన ముక్క యొకటి చెప్పవలెను: 1987 మొదలు 1997 వరకు లండనునుండి వేల్సు నేలిన మంత్రులందరును ఇంగ్లండులోని నియోజకవర్గములనుండి ఎన్నికైనవారే. వేల్సు ఓటరులలో ఒక్కడును తన ఓటుచే వారిని దించలేడు. 1997 సెప్టెంబరు 18వ తేదీన మరల అడిగినప్పుడు, కేవలము 6,721 ఓట్ల ఆధిక్యముతో ఔననిరి. 1999లో కార్డిఫునగరమున 60 మంది సభ్యుల సభ కూడినది. 2011లో జరిగిన మరియొక జనవాక్యసేకరణలో నూటికి 63 మందికి పైగా సమ్మతించి, ఆ సభకు సంపూర్ణమైన శాసనాధికారము నొసంగిరి. 2020లో దానికి సెనెద్ అను వేల్సుభాషానామము స్థిరపడినది. 2019నుండి ఆదాయపుపన్నులో కొంతభాగమును నిర్ణయించు హక్కును కలిగినది. ఐనను ధనములో అధికభాగము లండనునుండి వచ్చు మొత్తపు గ్రాంటే. ఖర్చులో దాదాపు సగము ఆరోగ్యశాఖకే పోవుచున్నది.

వేల్సు దక్షిణభాగమున బొగ్గుగనుల లోయలలో ట్రెడిగార్ అను చిన్నపట్టణము కలదు. అచటి గనికూలీలును ఇనుపకార్ఖానా పనివారును తమ వారపుకూలిలో కొన్ని పెన్నీలు విడదీసి, వైద్యసహాయసంఘ మొకటి నడుపుకొనిరి. డాక్టరులను నియమించునది కూలీల కమిటీయే. వైద్యుడు సరిగా చూడనిచో, ఆ వైద్యునకు జీతమిచ్చువారే ఆ వారపు కూటమిలో లేచి అడుగుదురు. 1897లో ఆ ఊరనే పుట్టి, బాల్యముననే గనిలో దిగిన అనైరిన్ బెవాన్, ఆ సంఘపు పద్ధతిని కన్నులార చూచినవాడు. 1929లో ప్రక్కలోయయగు ఎబ్బూవేల్ నుండి పార్లమెంటున కెన్నికై, 1945లో ఆరోగ్యమంత్రియై, 1948 జూలై 5వ తేదీన దేశమంతటికిని ఉచితవైద్యవ్యవస్థను స్థాపించెను. ట్రెడిగారు ఆసుపత్రిలో ఒక మలపాత్ర జారిపడినచో, ఆ చప్పుడు పార్లమెంటు భవనమున మారుమ్రోగవలెనని ఆయన అన్నట్లు చెప్పుకొందురు. మాట మోటుదే గాని, బాధ్యతాయుత ప్రభుత్వమున కింతకంటె మంచి నిర్వచనమును రాజ్యాంగపండితులు చెప్పినట్లు మేమెరుగము.

1999 తరువాత ఆ చప్పుడు లండనున కాక కార్డిఫున వినబడవలెను. దూరము తగ్గినది. వినబడుచున్నదా? దీనికి సమాధానము వెదకుటకు ముందు వ్యాపారసహాయముమాట చూతము. ఏలయన రోగము దాచుటకు నేర్చిన ప్రభుత్వము మొదట ఆ విద్యను అభ్యసించినది వ్యాపారుల లెక్కలమీదనే.

బొగ్గు పోయిన తరువాత లోయలవారికి పని చూపవలసిన భారము 1976లో స్థాపింపబడిన వేల్సు అభివృద్ధిసంస్థపై పడెను. ఆ సంస్థ విదేశపు కంపెనీలను రప్పించుటలో పేరెన్నిక గన్నది. 1996లో కొరియాదేశపు ఎల్‌జీ కంపెనీ న్యూపోర్టున 170 కోట్ల పౌనుల పెట్టుబడితో కార్ఖానాలు పెట్టి, 6,100 మందికి పని కల్పించునని చాటింపు వేసిరి. సర్కారు 24 కోట్ల పౌనులకు పైబడిన సాయమును వాగ్దానము చేసెను. అర్ధవాహకముల కార్ఖానా కట్టిరి గాని, దానిలో ఒక్కనాడైనను సరకు తయారుకాలేదు. రెండవ కార్ఖానా కొన్నేండ్లు నడిచి ఆగిపోయెను. 2006లో అభివృద్ధిసంస్థనే రద్దుచేసి, దాని పనులను ప్రభుత్వములో కలిపివేసిరి. ఇక మంత్రియే సూటిగా జవాబు చెప్పునని వాదము. ఈ వాదము మంచిదే. కాని ప్రభుత్వమువారు సంస్థ నొకదానిని తలుపుద్వారా పంపివేసి, మరియొక డజను సంస్థలను కిటికీద్వారా రానిచ్చిరి.

అట్లు వచ్చినవానిలో ఒకటి వేల్సు పునరుద్ధరణ పెట్టుబడి నిధి. దాని కథ భూవసతి గల మన పాఠకులు శ్రద్ధగా వినదగినది. ప్రభుత్వమువారు తమ భూములను ఆ నిధికి బదిలీచేసి, వానిని అమ్మివచ్చిన ధనముతో పాడుపడిన పట్టణములను బాగుచేయుడనిరి. నిధికి ప్రత్యేకమైన బోర్డు. బోర్డునకు వెలుపలి సలహాదారులు. 2012 మార్చిలో 15 భూములను, విడివిడిగా గాక మొత్తముగా, బహిరంగపు వేలముపాట లేకయే, ఒక్క కొనుగోలుదారునకు 2 కోట్ల 17 లక్షల పౌనులకు విక్రయించిరి. అందులో కార్డిఫునగరమునకు ఉత్తరముననున్న లిస్వేన్ గ్రామపు భూమి 120 ఎకరములు. దానిని సేద్యపునేల ధరకు, ఎకరమునకు దాదాపు 15,000 పౌనుల వంతున లెక్కగట్టిరి. నగరము పొలిమేర దాటి పెరుగుచున్నదని అచటి పశువులకాపరికి సైతము తెలియును. ఇండ్లు కట్టుటకు అనుమతి వచ్చినచో ఆ నేల విలువ దాదాపు 4 కోట్ల పౌనులు కాగలదని తరువాత బయటపడెను. మునుముందు విలువ పెరిగినచో అందులో కొంతభాగము సర్కారుకు రావలెనను షరతు అన్ని భూములకును లేక, ఏ ఒకటి రెండింటికో మాత్రమే వ్రాసికొనిరి. మన ఊళ్లలో పసితనము వీడని వారసుడు పొలమమ్మునప్పుడు సహితము కరణమో పినతండ్రియో ప్రక్కన నిలిచి, అబ్బాయీ, రోడ్డు పడబోవుచున్నది, తొందరపడకుమని చెప్పుదురు. ఇచట సలహాదారులకు కొరత లేదు. వారి జీతములకును కొరత లేదు.

ఈ సంగతి యెట్లు బయటపడెను? మంత్రి చెప్పగా కాదు. సభ్యు లడిగినప్పుడు, అది నిధిబోర్డువారి స్వతంత్రనిర్ణయమనియు, బేరసారములు వర్తకరహస్యములనియు ప్రత్యుత్తరములు వచ్చినవి. తుదకు 2015లో ఆడిటరు జనరలుగారి నివేదిక వెలువడి, ఈ విక్రయమువలన ప్రజలకు కనీసము 1 కోటి 50 లక్షల పౌనులు అధికముగా రావలసియుండెనని తేల్చెను. 2016లో సెనెద్ సభవారి పబ్లిక్ అకౌంట్సు కమిటీ అంతకంటె కఠినముగా పలికెను. అప్పటికి భూమి చేయి మారి నాలుగేండ్లైనది.

రెండవకథ బెవాను నియోజకవర్గములోనిదే. 2002లో ఎబ్బూవేల్ ఉక్కుకార్ఖానా మూతబడి, లోయ యంతయు నిరుద్యోగుల పాలయ్యెను. కొన్నేండ్లకు ఆ ఊరిప్రక్కన మోటారు పందెపుబాట నిర్మింతుమని, దానివలన 6,000 మందికి పని కలుగునని ఒక కంపెనీవారు ముందుకువచ్చిరి. అంచనా 43 కోట్ల పౌనులు. అది మా సొంతధనమే, సర్కారు పూచీ యుండిన చాలునని వారి కోరిక. 2017 ఏప్రిలులో ఆడిటరు జనరలు దీనిపైనను నివేదిక నొసంగెను. ప్రారంభపు పనులకై అప్పటికే 20 లక్షల పౌనుల గ్రాంటును, బ్యాంకు అప్పునకు 73 లక్షల పౌనులకు పైగా పూచీయును సర్కారుపై పడినవి. గ్రాంటులో కొంతభాగముతో ఆ కంపెనీవారు ఇంగ్లండుదేశపు బకింగుహాంషైరులోనున్న మోటారుసైకిళ్ల సంస్థ నొకదానిని కొనిరి. ఆ సంస్థయు తరువాత మూతబడినది. వేల్సులోయల బీదలకై వ్రాసిన చెక్కు ఇంగ్లండుపల్లెలో చెల్లుబాటైనది! 2017 జూన్ 27వ తేదీన మంత్రివర్గము పెద్దపూచీని నిరాకరించెను. ఆ అప్పులో 37 కోట్ల పౌనులకు పైగా సర్కారు ఖాతాలోనే పడునని కారణము చెప్పెను. నిరాకరించుట సరియే. కాని ఆ లెక్కసూత్రము ఆనాడే పుట్టినది కాదుగదా. ఆరేండ్లు లోయవారిని ఆశపెట్టి కాలము గడిపినదెవరు? దీనికి మాత్రము సభలో తృప్తికరమైన సమాధానము రాలేదు. దానికి బదులు, పదేండ్లలో 10 కోట్ల పౌనులతో సాంకేతికపరిశ్రమల నా లోయలలో పెంపుచేయుదుమని మరియొక వాగ్దానము వచ్చెను.

కార్డిఫు విమానాశ్రయమునుగూర్చి పెద్దగా చెప్పనక్కరలేదు. 2013లో ప్రభుత్వము దానిని 5 కోట్ల 20 లక్షల పౌనులకు కొనెను. 2021లో అది చెల్లింపవలసిన 4 కోట్ల 26 లక్షల పౌనుల అప్పును రద్దుచేసెను. మహమ్మారి కాలమున విమానము లెగురలేదన్నది నిజమే. ఈ కొనుగోలులో ఒక గుణమున్నది: ధర ఎంతయో, ఎవరు కొనిరో, ఎవరు మాఫీచేసిరో అందరికిని తెలియును. అందుచే దానిపై ప్రతి యెన్నికలోను వాదములు నడుచుచున్నవి. నష్టమైనను తెలిసిన నష్టముపై ఓటు వేయవచ్చును.

ఇక చిన్నదుకాణదారుల మాట. వేల్సులో దుకాణములు, భోజనశాలలు, పూటకూళ్లయిండ్లు చెల్లించు కట్టడపు పన్నులో 2023-24లో నూటికి 75 వంతులు తగ్గింపు ఉండెను. 2024 ఏప్రిలునుండి దానిని నూటికి 40కి దించిరి. ఆ సంవత్సరము ఇంగ్లండున 75 వంతులు అట్లే నిలిచినవి. సరిహద్దునకు ఈవల దుకాణము పెట్టినవాడు, ఆవల పెట్టిన తన తమ్మునికంటె అధికముగా పన్ను కట్టెను. మంత్రులు చెప్పిన కారణ మేమన, ఆరోగ్యశాఖకు ధనము చాలలేదని. ఈ సమాధానముచే మన రెండు విషయములును ఒక్కచోట ముడిపడినవి. కావలి బిడ్డలకు పాలు తగ్గించి రోగికి మందు తెచ్చితి మన్న యజమానిని, మందు తెచ్చితివా అని యడుగు హక్కు బిడ్డలకున్నది.

తెచ్చిరా? 2009లో వేల్సు ఆరోగ్యవ్యవస్థను తిరుగగట్టి, 22 స్థానికబోర్డులను ఆసుపత్రుల ట్రస్టులతో కలిపి, ఏడు పెద్దబోర్డులను చేసిరి. ఆసుపత్రులు వైద్యమును అమ్ముట, బోర్డులు కొనుట అను ఇంగ్లండు పద్ధతిని తీసివేసిరి. 2007లోనే మందులచీటిపై రుసుమును రద్దుచేసి, బ్రిటనుభాగములలో ఆ పని మొదట చేసినవారు తామే యనిపించుకొనిరి. ఇవి మంచిపనులే. కాని బోర్డులసభ్యులను జనులు ఎన్నుకొనరు. పెద్దలను మంత్రి నియమించును. ఆసుపత్రిలో లోపమును సభలో ప్రస్తావించినచో, అది బోర్డువారి నిర్వహణకు సంబంధించినదని మంత్రి చెప్పవచ్చును. బోర్డువారి నడిగినచో, మాకిచ్చిన ధన మింతే యని చెప్పుదురు. చెన్నరాజధానిలోని పాతపాట రాగము మార్చుకొని అచట వినబడుచున్నది.

ఉత్తరవేల్సు బోర్డుచరిత్ర దీనికి నిదర్శనము. క్రిమియా యుద్ధమున సైనికులకు సేవచేసిన బెట్సీ కాడ్వాలడర్ అను దాది పేరు దానికి పెట్టిరి. దాదాపు 7 లక్షల జనులకు అది వైద్యమొసంగవలెను. దాని యాసుపత్రులలో నొకటియగు గ్లాన్‌క్లూయిడునందు వృద్ధులైన మనోరోగులకై టావెల్ వాన్ అను వార్డు ఉండెను. ఆ పేరునకు ప్రశాంతస్థలమని యర్థము. అచట రోగులను చూచిన తీరునుగూర్చి వారి కుటుంబములవారు మొరపెట్టగా, 2013 డిసెంబరులో వార్డును మూసిరి. 2015 జూన్‌లో బోర్డును ప్రత్యేకచర్యల క్రిందకు, అనగా మంత్రిగారి సూటి కనుసన్నలలోనికి తెచ్చిరి. అయిదేండ్లు గడచినవి. 2020 నవంబరులో, ఎన్నికలు ఆరునెలలలో రానుండగా, రోగము కుదిరినదని చెప్పి ఆ చర్యలను తీసివేసిరి. 2021-22 లెక్కలను తనిఖీ చేసినప్పుడు, 12 కోట్ల 20 లక్షల పౌనుల వ్యయమునకు తగిన ఆధారములు బోర్డువారు చూపలేకపోయిరి. 2023 ఫిబ్రవరిలో ఆడిటరు జనరలు, బోర్డు ఉద్యోగుల మధ్యను, వారికిని వెలుపలిసభ్యులకును మధ్యను లోతైన చీలికలున్నవని వ్రాసెను. ఆ నెలలోనే మంత్రి ఎలూనెడ్ మోర్గన్ బోర్డును మరల ప్రత్యేకచర్యల క్రింద పెట్టెను.

అప్పుడు జరిగిన ముచ్చట యిది. వెలుపలినుండి వచ్చి, ఉద్యోగులను ప్రశ్నించుటకే నియమితులైన స్వతంత్రసభ్యులు అధ్యక్షునితో సహా తప్పుకొనవలసివచ్చెను. ఉద్యోగులు చాలవరకు తమ స్థానములలోనే యుండిరి. అడిగెడివారిని పంపి, అడుగబడువారి నుంచిరని ప్రతిపక్షములు విరుచుకుపడినవి. ఉద్యోగులను తొలగించు అధికారము తనకు లేదని మంత్రి చెప్పెను. ఆమెపై వచ్చిన అవిశ్వాసతీర్మానము ఓడిపోయినది. చట్టప్రకారము ఆమె చెప్పినది సత్యమే కావచ్చును. కాని 2015 మొదలు 2020 వరకు ఆ బోర్డు ప్రభుత్వపు కనుసన్నలలోనే యుండెనుగదా! కనులు ఎవరివి? అయిదేండ్లు ఆ కనులు చూచినదేమి?

సంఖ్యలవిషయమునను జాగ్రత్త అవసరము. 2024 చివర వేల్సులో చికిత్సకై వేచియున్న కేసులు 8 లక్షలను దాటినవి. జనులలో నాలుగవవంతని తొందరపడి లెక్కవేయరాదు. ఒకే వృద్ధురాలు కంటికిని మోకాలికిని వేచియున్నచో అవి రెండుకేసులు. మనుష్యులసంఖ్య అంతకంటె చాల తక్కువ. ప్రతిపక్షమువారు కేసులను మనుష్యులుగా చెప్పుచుందురు. ప్రభుత్వమువారు రెండేండ్లకు పైబడి వేచినవారి సంఖ్య తగ్గుచున్నదని మాత్రమే చెప్పుచుందురు. 2022 వసంతమున అట్టి దీర్ఘకాలపు కేసులు 70,000లకు మించియుండి, తరువాత బాగుగా తగ్గినమాట నిజము. ఐనను ప్రభుత్వము తనకు తాను పెట్టుకొన్న గడువు 26 వారములు. రెండేండ్లనుగూర్చి మాటలాడునప్పుడు ఆ 26 వారములను జనులు మరచిపోవుదురని యాశింపరాదు.

పోవిస్ ప్రాంతమున జరిగినది ఇంకను వింత. ఇంగ్లండుసరిహద్దున విశాలమైన ఆ కొండసీమలో పెద్దయాసుపత్రి ఒక్కటియు లేదు. శస్త్రచికిత్స కావలసినవారు సరిహద్దు దాటి ష్రూస్బరికో హెరిఫర్డుకో పోవలెను. ఖర్చు పోవిస్ బోర్డువారు చెల్లింతురు. అచటి ఆసుపత్రులు ఇంగ్లండు గడువుప్రకారము వీరికిని త్వరగా చికిత్స చేయుచుండగా, బిల్లులు త్వరగా వచ్చిపడుచున్నవని, 2025లో బోర్డువారు ఒక నిర్ణయము చేసిరి: మావారిని వేల్సు గడువుప్రకారమే నెమ్మదిగా చూడుడని ఇంగ్లండు ఆసుపత్రులను కోరిరి. దీనివలన 1 కోటి 60 లక్షలకు పైగా పౌనులు మిగులునట. వైద్యుడు సిద్ధము, బల్ల సిద్ధము, రోగియు సిద్ధము. గడియారము మాత్రము నెమ్మదిగా నడువవలెను. ఇట్టి యాజ్ఞను రైతు తన ఎద్దువిషయమున ఓర్చునా? దీనికి బాధ్యులెవరని యడిగినచో, బోర్డు తన ధనాభావమును, మంత్రివర్గము బోర్డు స్వాతంత్ర్యమును, లండను గ్రాంటు చాలమిని చూపుచు, ప్రశ్న ముమ్మారు చేతులు మారి ఎచటనో నేల రాలుచున్నది.

మునుపు ఇట్టి ప్రశ్నలను మోసికొనిపోవుటకు ఊరివారి సంఘములుండెను. 1974లో ఏర్పడిన ప్రజారోగ్య సలహాసంఘములను ఇంగ్లండున 2003లోనే రద్దుచేసిరి, వేల్సువారు నిలుపుకొనిరి. ఆ సంఘములవారు ఆసుపత్రులలో ప్రవేశించి చూతురు. వార్డు మూసివేయుట తగదని తోచినచో మంత్రి తీర్పునకై పంపుదురు. 2023 ఏప్రిలు 1వ తేదీన వానిని రద్దుచేసి, దేశమంతటికి ల్లైస్ అను ఒక్కసంస్థను నెలకొల్పిరి. ల్లైస్ అనగా వేల్సుభాషలో గొంతుక. ఆరోగ్యమునకే గాక వృద్ధుల, వికలాంగుల పోషణమునకును ఈ గొంతుక పలుకవలెను, పరిధి పెరిగినది. పాతసంఘములకున్న హక్కులు మాత్రము యథాతథముగా దానికి సంక్రమింపలేదు. అదేదినమునుండి, చికిత్సలో హాని జరిగినచో ఆసుపత్రివారే రోగికి ఉన్నదున్నట్లు చెప్పవలెనను విధిని చట్టము విధించినది. ఇది మెచ్చదగినది. మన ప్రభుత్వాసుపత్రులకును ఇట్టి విధి యొకటి ఉండిన బాగుండునని మాకు తోచుచున్నది.

మనకును ఆ దేశమునకును సంబంధము లేకపోలేదు. బెవాను స్థాపించిన వ్యవస్థను ఆ బొగ్గులోయలలో దశాబ్దములుగా నిలబెట్టినవారిలో భారతదేశమున చదివిన వైద్యులు అనేకులు. ఇంగ్లీషువైద్యులు పోనొల్లని ఊళ్లకు వీరు పోయిరి. 2024 మార్చిలో వేల్సు ప్రభుత్వము కేరళప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని 250 మంది నర్సులను, వైద్యులను కోరెను. వ్యాపారమునందును ఇట్లే. పోర్టుటాల్బటు ఉక్కుకార్ఖానాను 2007లో మన టాటావారు కొనిరి. 2024 సెప్టెంబరు 30వ తేదీన అచటి కడపటి ఊదుకొలిమి చల్లారినది. విద్యుత్తుకొలిమి నిర్మించుటకు లండను ప్రభుత్వము 50 కోట్ల పౌనుల నిచ్చుటకు ఒప్పుకొనెను. ఒప్పందము లండనుకును టాటావారికిని మధ్య. పని పోయిన దాదాపు 2,000 కుటుంబములకు కొత్తవిద్య నేర్పుట, వైద్యము చేయుట కార్డిఫు ప్రభుత్వపు పాలిట పడినది. ఓడరేవువీధిలోని పనివాడు కార్డిఫు మంత్రి నడుగవలెనా, లండను మంత్రి నడుగవలెనా, బొంబాయి యజమాని నడుగవలెనా? యూరపునుండి వచ్చుచుండిన ప్రాంతీయసహాయధనమునకు బదులుగా 2022నుండి లండను ప్రభుత్వము తానే సూటిగా వేల్సు కౌన్సిళ్లకు ధనము పంపుట మొదలిడిన తరువాత ఈ చిక్కు మరింత బిగిసినది.

మేము గమనించినంతలో, మంత్రులకు రెండు చాటులు దొరికినవి. వ్యాపారసాయమున వర్తకరహస్యము ఒకచాటు. వైద్యమున బోర్డునిర్ణయము రెండవచాటు. మొదటిదానిని ఆడిటరు ఛేదింపగలిగెను. ఏలయన ధనము పోయినచోట కాగితము మిగులును. రెండవదానిని ఛేదించుట కష్టము. రోగి వేచియున్న కాలమునకు రసీదు లేదు. కావుననే భూమి విక్రయముపై కమిటీ విచారణ జరిగినది, మంత్రివర్గము పూచీ లిచ్చుటలో జాగ్రత్త నేర్చినది. ఉత్తరవేల్సు బోర్డు మాత్రము ఎక్కడ మొదలైనదో ఎనిమిదేండ్లకు మరల అక్కడికే వచ్చెను. స్వపరిపాలనమే దీనికి కారణమని, లండను ఏలుబడియే మేలనియు వాదించువారు అచట కొందరున్నారు. వారితో మే మేకీభవింపజాలము. న్యూపోర్టు కొరియాకార్ఖానా లండను మంత్రి కాలమునాటిదే. దానిపై ఆనాడు వేల్సున ఏ సభయు విచారణ జరుపలేదు, జరుపుటకు సభయే లేదు. తప్పు బయటపడుటయు స్వపరిపాలన ఫలములలో నొకటి.

ఐతే విచారించువారి సంఖ్యయే చాలకున్నది. ప్రతి మంగళవారము ప్రధానమంత్రి సభలో ప్రశ్నలకు బదులు చెప్పుచుండును. 60 మంది సభ్యులలో మంత్రులను, సభాధ్యక్షులను తీసివేసినచో మిగులువారు నలుబదియైదుగురు. అందులో మంత్రివర్గపు పక్షమువారు పోగా, నిర్భయముగా అడుగగలవా రెందరు? ఒక్కొక్క సభ్యుడు రెండుమూడు కమిటీలలో కూర్చుండి, ఉదయము ఆసుపత్రి లెక్కలను, మధ్యాహ్నము కంపెనీల పూచీలను చదువవలెను. ఏడు బోర్డుల బడ్జెటులను ఒక్కడు నిద్రలేక చదివినను పూర్తికావు. ఈ లోపమును తీర్చుటకు 2024లో ఒక చట్టము చేసిరి. 2026 మే నెల ఎన్నికనుండి సభ్యులు 96 మంది. 16 నియోజకవర్గములనుండి ఆరుగురేసి, పార్టీల జాబితాల ననుసరించి ఎన్నికగుదురు. అనగా ఓటరు వ్యక్తిని గాక పార్టీని ఎన్నుకొనును. తన ఊరి యాసుపత్రినిగూర్చి అడుగని సభ్యుని పేరు కొట్టివేయు అవకాశము వానికి లేదు. ఆ చట్టముననే మరియొక నిబంధనము చేర్చిరి: ప్రధానమంత్రి కాక నియమింపదగు మంత్రులసంఖ్య లోగడ 12కు మించరాదని యుండగా, దానిని 17కు పెంచిరి, అవసరమైనచో 19 వరకు పెంచుకొను వీలును ఉంచుకొనిరి.